ప్రివ్యూలో ఒకలా, గూగుల్‌లో ఇంకోలా: టైటిల్, డిస్క్రిప్షన్ ఎందుకు మారిపోతాయి?

పేజీ రాయడం అయిపోయింది. టైటిల్ పెట్టారు, డిస్క్రిప్షన్ పెట్టారు, సెర్చ్‌లో ఎలా కనిపిస్తుందో ముందే చూపించే ప్రివ్యూ టూల్‌లో చూసుకుంటే సరిపోయిందని చెప్పే పచ్చ గీత వచ్చింది, అంతా రెండు లైన్లలో కుదురుగా సరిపోయింది. పబ్లిష్ కొట్టారు. వారం తర్వాత గూగుల్‌లో వెతికి చూస్తే ఆ టైటిల్ లేదు, ఆ డిస్క్రిప్షనూ లేదు. టైటిల్ ఉండాల్సిన చోట పేజీలోని హెడ్డింగ్ కనిపిస్తోంది, దాని కింద పేజీ మధ్యలోంచి ఎక్కడో లాగిన ఒక వాక్యం, అది కూడా సగంలో తెగిపోయి చుక్కలతో. వెబ్‌లో రాసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది, అప్పుడు కొందరు టూల్ పనికిరాదని పక్కన పడేస్తారు, ఇంకొందరు సైట్‌లో ఏదో పాడైందని టెన్షన్ పడతారు.

నిజానికి టూల్ తప్పు చెప్పలేదు, సైటూ పాడవలేదు. ప్రివ్యూ చూపించేది ఒక్కటే: మీరు రాసింది రాసినట్టే చూపిస్తే, ఇచ్చిన చోటులో ఎంతవరకు పడుతుంది, ఎక్కడ తెగుతుంది. అసలు మీరు రాసింది చూపించాలా వద్దా అనేది వేరే నిర్ణయం, అది గూగుల్ చేతిలో ఉంటుంది, డిస్క్రిప్షన్ విషయంలో అయితే అదీ వెతికే మనిషి ఏం టైప్ చేశాడన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ రెంటినీ కలిపేసి చూడటం వల్లే ఇంత గందరగోళం. ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

ఒక రిజల్ట్‌లో ఏమేం ఉంటాయి

మామూలు సెర్చ్ రిజల్ట్‌ని పైనుంచి కిందికి చూస్తే ముందు చిన్న బొమ్మ, అంటే ఫెవికాన్, దాని పక్కన సైట్ పేరు, ఆ పక్కనో కిందో అడ్రస్. తర్వాత పెద్ద అక్షరాల్లో నొక్కడానికి వీలున్న టైటిల్. దాని కింద రెండు మూడు లైన్ల వివరణ, దాన్ని స్నిప్పెట్ అంటారు. ఒక్కోసారి స్నిప్పెట్ మొదట్లో తేదీ కూడా వస్తుంది, అది కూడా ఆ లైన్‌లోనే కాస్త చోటు తినేస్తుంది.

వీటిలో మనం ప్రివ్యూ టూల్‌లో టైప్ చేసేది టైటిల్, డిస్క్రిప్షన్ మాత్రమే. సైట్ పేరు వేరే లెక్క. 2022 అక్టోబర్‌లో గూగుల్ మొబైల్ రిజల్ట్స్‌లో సైట్ పేరుని టైటిల్ పైన విడిగా చూపించడం మొదలుపెట్టింది, ఆ తర్వాత ఏడాది కంప్యూటర్‌లోనూ అదే పద్ధతి వచ్చింది. ఆ పేరుని ముఖ్యంగా హోమ్ పేజీలో ఉన్న సమాచారం నుంచి తీసుకుంటుంది, ఒక్కో పేజీకీ ఒక్కో పేరు ఉండదు. అంటే ప్రతి టైటిల్ చివర నిలువు గీత పెట్టి సైట్ పేరు తగిలించే పాత అలవాటుకి ఇప్పుడు పెద్దగా పని లేదు, పేరు ఎలాగూ పైన కనిపిస్తూనే ఉంది. పేరు చిన్నదైతే ఉంచినా నష్టం లేదు. కానీ టైటిల్‌లో మూడో వంతు పేరే ఉంటే మాత్రం అంత చోటు ఊరికే పోతున్నట్టే.

అడ్రస్ కూడా మారింది. 2025 జనవరిలో మొబైల్ రిజల్ట్స్‌లో అడ్రస్ వెనక వచ్చే విభాగాల వరసని, అంటే హోమ్ తర్వాత బాణం గుర్తు, ఆ తర్వాత కేటగిరీ పేరు అని ఉండేదాన్ని తీసేసి డొమైన్, అంటే సైట్ అసలు అడ్రస్ మాత్రమే ఉంచారు. ఎప్పుడో తయారై అప్‌డేట్ కాని ప్రివ్యూ టూల్స్ ఇంకా పాత రూపాన్నే చూపిస్తుంటాయి. మీరు వాడే టూల్‌లో సైట్ పేరు, ఫెవికాన్ టైటిల్ పైన కనిపించడం లేదంటే అది పాత కాలపు బొమ్మ అని అర్థం. వెడల్పు లెక్కకి దాన్ని వాడుకోవచ్చు, రూపం విషయంలో నమ్మక్కర్లేదు.

అరవై అక్షరాల లెక్క ఎక్కడిది

టైటిల్ 60 అక్షరాలు దాటకూడదు, డిస్క్రిప్షన్ 160 దాటకూడదు. ఈ మాట వినని వాళ్లుండరు. ఇది గూగుల్ పెట్టిన రూల్ కాదు. టైటిల్‌కి పొడవు హద్దు లేదని, చూపించే స్క్రీన్ వెడల్పుని బట్టి అవసరమైతే కత్తిరిస్తామని మాత్రమే గూగుల్ చెబుతుంది, డిస్క్రిప్షన్ గురించి చెప్పేదీ అదే. 60 అనేది ఇంగ్లీషులో రాసిన టైటిల్స్‌ని చూసి జనం కట్టిన అంచనా, గూగుల్ నిజంగా లెక్కపెట్టేది అక్షరాల్ని కాదు, వెడల్పుని.

కంప్యూటర్ స్క్రీన్ మీద టైటిల్‌కి దొరికే చోటు దాదాపు 600 పిక్సెల్స్, అంటే స్క్రీన్ మీది చిన్న చిన్న చుక్కలు. 2016 మే దాకా ఇది 500 పిక్సెల్స్ చుట్టుపక్కల ఉండేది, అప్పుడు రిజల్ట్స్ కాలమ్‌ని వెడల్పు చేయడంతో పెరిగింది. టైటిల్ ఏరియల్ ఫాంట్‌లో 20 పిక్సెల్స్ సైజులో వస్తుందనుకుని లెక్క వేస్తే, ఇంగ్లీషు చిన్న 'ఐ' అక్షరం నాలుగున్నర పిక్సెల్స్ కూడా ఉండదు, పెద్ద 'డబ్ల్యు' మాత్రం దాదాపు 19 పిక్సెల్స్ తీసుకుంటుంది. అంటే అదే 600 పిక్సెల్స్‌లో 'ఐ'లు 135 పడతాయి, 'డబ్ల్యు'లు 31 మాత్రమే. ఎవరూ అలా రాయరు కానీ, అక్షరాల సంఖ్య చెప్పి పొడవు తేల్చడం ఎంత వదులు లెక్కో దీన్నిబట్టి తెలుస్తుంది. అన్నీ పెద్ద అక్షరాల్లో రాసిన ఇంగ్లీషు టైటిల్ 60 లోపే ఉన్నా తెగిపోయేది అందుకే.

ఇప్పుడు తెలుగు సంగతికొద్దాం, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 'స్త్రీ' అని రాయండి. కంటికి అది ఒకే అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు కోడ్‌లు. అక్షరాలు లెక్కపెట్టే టూల్స్‌లో చాలావరకు దీన్ని 6 అనే చూపిస్తాయి. బైట్లు లెక్కపెట్టే టూల్ అయితే, అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు కాబట్టి, ఏకంగా 18 అంటుంది. స్క్రీన్ మీద చూస్తే పట్టేది మాత్రం ఒక అక్షరం చోటే, ఒత్తులు కిందికి దిగుతాయి తప్ప పక్కకి అంతగా జరగవు. అందువల్ల ఒత్తులు ఎక్కువున్న తెలుగు టైటిల్‌కి టూల్ 75 అని చూపించి ఎర్ర గీత పెట్టినా అది సుఖంగా సరిపోవచ్చు. దానికి ఎదురుగా 'ఘాటు మిరపకాయ మొక్క' లాంటి మాటల్లో వెడల్పాటి అక్షరాలు వరసగా వస్తాయి, ఒత్తులు తక్కువ, అక్కడ టూల్ చెప్పే సంఖ్య చిన్నదే అయినా అది పట్టే చోటు పెద్దది. 60 అనే అంకెని చూసి తెలుగు టైటిల్‌ని కుదించుకుంటూ పోవడం వల్ల మంచి మంచి టైటిల్స్ కుంటిగా మిగిలిపోవడం నేను చాలాసార్లు చూశాను. అది చూస్తే బాధనిపిస్తుంది, అక్కర్లేని లెక్క కోసం మాటని చంపుకున్నట్టు.

మరి పిక్సెల్స్‌లో కొలిచే టూల్ వాడితే సరిపోతుందా అంటే, కొంతవరకే. అలాంటి టూల్ లోపల జరిగేది చాలా సులువైన పని: మీరు టైప్ చేసిన మాటల్ని బ్రౌజర్‌కి ఇచ్చి, ఏరియల్ 20 సైజులో రాస్తే ఎంత వెడల్పొస్తుందో కొలిచి చెప్పమంటుంది, ఆ సంఖ్య 600 దాటితే చివర చుక్కలు పెడుతుంది. కానీ ఏరియల్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు. అప్పుడు బ్రౌజర్ ఆ మెషీన్‌లో ఉన్న ఏదో ఒక తెలుగు ఫాంట్‌ని పట్టుకుంటుంది. విండోస్‌లో అది నిర్మలా యూఐ కావచ్చు, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఆపిల్ మెషీన్లలో కోహినూర్ తెలుగు. వీటన్నిటిలో అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు. కాబట్టి అదే టైటిల్, అదే టూల్, ఒక ల్యాప్‌టాప్‌లో సరిపోయిందని చెప్పి ఇంకో ల్యాప్‌టాప్‌లో తెగిపోయిందని చెప్పొచ్చు, రెండూ నిజమే. చూసే మనిషి స్క్రీన్ మీద కూడా అలాగే జరుగుతుంది. తెలుగులో రాసేటప్పుడు నేను పాటించేది ఒక్కటే: అసలు విషయం మొదటి ఆరేడు మాటల్లో వచ్చేయాలి, ఆ తర్వాత ఎక్కడ తెగినా ఫర్వాలేదనిపించేలా వాక్యం కూర్చాలి.

ఫోన్‌లో చోటు ఇంకోలా ఉంటుంది. వెడల్పు తక్కువే కానీ టైటిల్ రెండో లైన్‌కి దిగగలదు, కాబట్టి కొన్నిసార్లు కంప్యూటర్‌లో తెగిన టైటిల్ ఫోన్‌లో పూర్తిగా కనిపిస్తుంది. డిస్క్రిప్షన్ మాత్రం ఫోన్‌లో తరచుగా ముందే తెగుతుంది. ప్రివ్యూ టూల్‌లో మొబైల్, డెస్క్‌టాప్ అని రెండు ట్యాబ్‌లు ఉంటే రెండూ నొక్కి చూడండి, చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు.

మీ టైటిల్‌ని గూగుల్ ఎప్పుడు పక్కన పెడుతుంది

పేజీ కోడ్‌లో టైటిల్ ట్యాగ్ అని ఒకటుంటుంది, బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించేది అదే. గూగుల్ మామూలుగా దాన్నే చూపిస్తుంది. కానీ దానితో పాటు పేజీలో పైన పెద్దగా కనిపించే హెడ్డింగ్‌ని, హెచ్1 లాంటి మిగతా హెడ్డింగ్స్‌ని, సోషల్ మీడియా కోసం పెట్టిన ఓపెన్ గ్రాఫ్ టైటిల్‌ని, వేరే పేజీల నుంచి ఈ పేజీకి లింక్ ఇచ్చినప్పుడు ఆ లింక్‌లో రాసిన మాటల్ని కూడా చూస్తుంది. టైటిల్ ట్యాగ్ కుదరలేదనిపిస్తే వీటిలోంచి ఒకటి తీసుకుంటుంది.

2012 నుంచీ ఇలా మార్చడం ఉంది, అయితే 2021 ఆగస్టులో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు వెతికే మాటని బట్టి టైటిల్ మారేది, కొత్త పద్ధతిలో పేజీ మొత్తానికి సరిపోయే ఒకే టైటిల్ ఎంచుకోవడం మొదలైంది. ఆ వారాల్లో సైట్లు నడిపేవాళ్లు చాలా గొడవ చేశారు, ఎందుకంటే కొన్ని చోట్ల నిజంగానే వింత టైటిల్స్ వచ్చాయి. సెప్టెంబర్‌లో గూగుల్ సర్దుబాట్లు చేసి, ఇప్పుడు 87 శాతం సందర్భాల్లో టైటిల్ ట్యాగ్‌నే వాడుతున్నామని, ముందు అది 80 శాతం దగ్గర ఉండేదని చెప్పింది. అంటే మిగిలిన 13 శాతంలో వేరేది కనిపిస్తోందన్నమాట, తక్కువేం కాదు. చూపించే టైటిల్ మారినంత మాత్రాన ర్యాంకు మారదని కూడా అప్పుడే స్పష్టం చేశారు. కనిపించే రూపం వేరు, ర్యాంకు లెక్క వేరు.

మార్చడానికి గూగుల్ చెప్పిన కారణాలు చూస్తే వాటిలో చాలావరకు మన చేతుల్లోవే. సగం ఖాళీ టైటిల్ ఒకటి, అంటే ముందు ఏమీ లేకుండా గీత పెట్టి సైట్ పేరు మాత్రం ఉండటం, సాఫ్ట్‌వేర్ టెంప్లేట్‌లో ఏదో చోటు నింపడం మర్చిపోతే ఇలా జరుగుతుంది. ఒకే టైటిల్ వందల పేజీలకి ఉండటం ఇంకొకటి. ఒకే మాటని నాలుగు రకాలుగా తిప్పి తిప్పి టైటిల్ నిండా కుక్కడం మరొకటి. పాతబడిన టైటిల్ కూడా ఉంది, ఇది నాకే జరిగింది. 2022లో రాసిన ఒక గైడ్‌ని తర్వాతి ఏడాది మొత్తం సరిచేసి, హెడ్డింగ్‌లో ఏడాది మార్చి, టైటిల్ ట్యాగ్‌లో మార్చడం మర్చిపోయాను. రిజల్ట్‌లో కొత్త ఏడాదితో హెడ్డింగే కనిపిస్తుంటే, నా టైటిల్ ఎందుకు తీసేశారని రెండు రోజులు వెతికాను. కోడ్ తెరిచి చూశాక అర్థమైంది, గూగుల్ సరిగ్గానే చేసింది.

తెలుగులో రాసేవాళ్లకి బాగా తగిలే కారణం ఇంకొకటుంది: లిపి. పేజీలో మ్యాటర్ అంతా తెలుగులో ఉండి టైటిల్ మాత్రం ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులోనో ఉంటే, పేజీ ఏ భాషలో ఏ లిపిలో ఉందో దానికి సరిపోయే టైటిల్‌ని చూపించడానికి గూగుల్ ప్రయత్నిస్తుంది. 2022 జూన్‌లో ఇది మొదలైంది. ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు కదా అని టైటిల్‌ని అలా పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఆలోచన నాకు అర్థమవుతుంది, కానీ ప్రివ్యూలో ముచ్చటగా కనిపించిన ఆ టైటిల్ రిజల్ట్‌లో నిలబడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

ఇక్కడ ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సైకిల్ చైన్ జారిపోతుంటే ఏం చేయాలో చెప్పే పేజీ ఉందనుకోండి. టైటిల్ ఇలా ఉంది: 'హోమ్ | సైకిల్ సాయం | అన్ని రకాల సైకిళ్ల రిపేర్లు, చిట్కాలు, గైడ్లు | చైన్ జారిపోతే'. ప్రివ్యూలో పెడితే 'గైడ్లు' దగ్గరో ఇంకా ముందో తెగిపోతుంది, చైన్ అన్న మాటే కనబడదు. ఇంతకుముందు చెప్పిన తప్పులు ఇందులో సగం ఉన్నాయి: సైట్ పేరు, ప్రతి పేజీలోనూ అదే వచ్చే ముక్క, అసలు విషయం చివర్లో. గూగుల్ దీన్ని తీసేసి పేజీలోని హెడ్డింగ్ పెడితే అది చదివేవాళ్లకి మేలే. ఇప్పుడు దాన్ని 'సైకిల్ చైన్ మాటిమాటికీ జారిపోతోందా? కారణాలు, సరిచేసే పద్ధతి' అని మార్చండి. హెడ్డింగ్ కూడా దాదాపు ఇదే ఉంచండి. చివరి రెండు మాటలు తెగిపోయినా సమస్య ఏమిటో మొదట్లోనే తెలిసిపోయింది, పైగా హెడ్డింగ్, టైటిల్ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి గూగుల్ రెంటిలో ఏది తీసుకున్నా మీకు నష్టం లేదు. ప్రివ్యూ సరిపోయిందా లేదా అన్నదానికంటే ఈ పొంతన ముఖ్యమని నా అభిప్రాయం.

డిస్క్రిప్షన్ మాట వేరు

టైటిల్ విషయంలో మనం రాసింది చాలావరకు నిలుస్తుంది. డిస్క్రిప్షన్‌లో అలా కాదు. గూగుల్ స్నిప్పెట్‌ని ముఖ్యంగా పేజీలోని మ్యాటర్ నుంచే తయారు చేసుకుంటుంది, పేజీ కోడ్‌లో మనం రాసిన డిస్క్రిప్షన్, అంటే మెటా డిస్క్రిప్షన్, అంతకంటే బాగా పేజీని వివరిస్తుందనిపిస్తే దాన్ని వాడుతుంది. పైగా ఇది వెతికే మాటని బట్టి మారుతుంది. ఒక పేజీకి ఒకే స్నిప్పెట్ అని ఉండదు.

అదే సైకిల్ పేజీ తీసుకోండి. డిస్క్రిప్షన్‌లో ఇలా రాశారు: 'చైన్ సాగిపోయిందా, గేర్ పళ్లు అరిగాయా, లేక సర్దుబాటు తప్పిందా? మూడు కారణాల్నీ ఇంట్లోనే గుర్తుపట్టి సరిచేసుకునే పద్ధతి.' ఎవరో 'సైకిల్ చైన్ జారిపోతోంది' అని వెతికితే ఇది కనిపించే అవకాశం ఎక్కువ. ఇంకొకరు 'సైకిల్ చైన్‌కి ఏ నూనె వేయాలి' అని వెతికారు, మీ పేజీలో నూనె గురించి ఒక పేరా ఉంది. వాళ్లకి ఆ పేరాలోని వాక్యమే స్నిప్పెట్‌గా వస్తుంది, నూనె అన్న మాట బోల్డ్‌లో. మీ డిస్క్రిప్షన్‌లో నూనె మాటే లేదు కాబట్టి అది వాళ్లకి పనికిరాదు. ఇది అన్యాయం కాదు, ఆ మనిషికి కావాల్సింది చూపించడం. ప్రివ్యూ టూల్‌కి ఈ రెండో పరిస్థితిని చూపించడం కుదరదు, ఎందుకంటే ఎవరు ఏం వెతుకుతారో దానికి తెలియదు.

కాబట్టి స్నిప్పెట్ బాగా రావాలంటే పేజీలోని పేరాలు కూడా బాగుండాలి. ఏ పేరా తీసి విడిగా చూపించినా అర్థమయ్యేలా ఉండాలి. 'పైన చెప్పినట్టు దీన్ని అలాగే చేయాలి' అని మొదలైన పేరా స్నిప్పెట్‌గా వస్తే చదివేవాడికి ఏమీ అర్థం కాదు. 'చైన్‌కి నూనె వేసే ముందు పాత జిడ్డుని గుడ్డతో పూర్తిగా తుడవాలి' అని మొదలైతే అదే ఒక మంచి స్నిప్పెట్. టైటిల్, డిస్క్రిప్షన్ మీద గంట గడిపి పేరాల మొదటి వాక్యాల్ని వదిలేయడం చాలామంది చేసే పొరపాటు.

పొడవు సంగతి చూస్తే, 2017 డిసెంబర్‌లో గూగుల్ స్నిప్పెట్‌ని పెంచింది, 300 అక్షరాలు దాటి కూడా కనిపించేవి. చాలామంది సైట్ అంతా తిరగేసి డిస్క్రిప్షన్లు పొడిగించారు. 2018 మేలో మళ్లీ పాత పొడవుకి దగ్గరగా తగ్గించేశారు. ఆరు నెలల్లో ఇంత పని వృథా. అప్పట్నుంచీ నేను కొలతని చూసి కాక, మొదటి వాక్యంలోనే చెప్పాల్సింది చెప్పి, రెండో వాక్యం పోయినా ఫర్వాలేదన్నట్టు రాస్తున్నాను.

ఇంకో విషయం: మెటా డిస్క్రిప్షన్‌లో ఏం రాసినా దానివల్ల ర్యాంకు పెరగదు. ర్యాంకు లెక్కలో దాన్నీ, వెతికే మాటల్ని వరసగా రాసిపెట్టే కీవర్డ్స్ ట్యాగ్‌నీ వాడటం లేదని 2009లోనే గూగుల్ చెప్పేసింది. డిస్క్రిప్షన్ పని ఒక్కటే, చూసిన మనిషికి లోపల ఏముందో నిజాయితీగా చెప్పడం. కీవర్డ్స్ వరసగా పేర్చిన డిస్క్రిప్షన్‌ని ఇప్పటికీ చూస్తుంటాను, అది మనిషికీ పనికిరాదు, మెషీన్‌కీ పనికిరాదు.

ఒకప్పుడు పరిస్థితి ఇంకా విడ్డూరంగా ఉండేది. ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్ట్ అని వాలంటీర్లు నడిపే ఒక డైరెక్టరీ ఉండేది, అందులో మీ సైట్ గురించి ఎవరో రాసిన వివరణనే గూగుల్ స్నిప్పెట్‌గా చూపించేది. అది వద్దని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక ట్యాగ్ పెట్టాల్సొచ్చేది. 2017 మార్చిలో ఆ డైరెక్టరీ మూతపడటంతో ఆ గొడవ పోయింది. ఇంకా కొన్ని పాత సైట్ల కోడ్‌లో ఆ ట్యాగ్ అలాగే ఉంటుంది, కనిపిస్తే తీసేయండి.

ప్రివ్యూలో కనిపించనివి

స్నిప్పెట్ అసలు వద్దనుకుంటే పేజీ కోడ్‌లో నోస్నిప్పెట్ అనే సూచన పెట్టొచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి మ్యాక్స్-స్నిప్పెట్ కూడా ఉంది, దానితో ఇన్ని అక్షరాలకి మించి చూపించొద్దని చెప్పొచ్చు. పేజీలో ఒక ముక్కని మాత్రమే దాచాలంటే డేటా-నోస్నిప్పెట్ పెట్టాలి. పేజీ పైన వచ్చే కుకీ నోటీసు స్నిప్పెట్‌లోకి వచ్చేస్తుంటే ఇది బాగా ఉపయోగపడుతుంది. నోస్నిప్పెట్, మ్యాక్స్-స్నిప్పెట్ ఇప్పుడు గూగుల్ పైన చూపించే ఏఐ సమాధానాలకి కూడా వర్తిస్తాయి, కాబట్టి ఆలోచించి పెట్టండి, ఒకసారి మూసేస్తే రెండు చోట్లా మూసుకుపోతుంది.

సైట్‌లో ఏ పేజీల్ని చదవొచ్చో సెర్చ్ ఇంజిన్లకి చెప్పే రోబోట్స్ ఫైల్‌లో పేజీని అడ్డుకుంటే రిజల్ట్స్‌లోంచి పోతుందనుకోవడం పెద్ద అపోహ. వేరే చోట్ల నుంచి లింకులుంటే ఆ పేజీ అడ్రస్ రిజల్ట్స్‌లో రావొచ్చు, లోపలికి వెళ్లి చదవడానికి వీల్లేదు కాబట్టి స్నిప్పెట్ చోట సమాచారం అందుబాటులో లేదన్న మాట వస్తుంది. డిస్క్రిప్షన్ ఎంత బాగా రాసినా గూగుల్ దాన్ని చూడనే లేదు కదా.

ప్రివ్యూలో నక్షత్రాలు, ప్రశ్న-జవాబుల పెట్టెలు చూపించే టూల్స్‌తో కూడా జాగ్రత్త. ప్రశ్న-జవాబుల పెట్టెల్ని 2023 ఆగస్టులో గూగుల్ దాదాపుగా ఆపేసింది, పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకి మాత్రమే ఉంచింది. టూల్ చూపించింది కదా అని దానికోసం కోడ్ రాసుకుంటూ కూర్చుంటే సమయం వృథా. వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లింక్ పంపినప్పుడు బొమ్మతో వచ్చే ప్రివ్యూ కూడా వేరే విషయం, అది ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్‌ల నుంచి వస్తుంది. అక్కడ బాగుందంటే సెర్చ్‌లోనూ బాగుంటుందని కాదు.

నేనెలా చూసుకుంటానంటే

టూల్‌లో టైటిల్ పెట్టగానే రంగు గీతని చూడను, ముందు తెగిన చోటుని చూస్తాను. చుక్కల ముందు మిగిలిన మాటలతో అర్థం మారిపోతోందా? 'ఈ మందు సురక్షితం కాదు' అన్న టైటిల్ 'ఈ మందు సురక్షితం…' దగ్గర ఆగిపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. తెలుగులో 'కాదు', 'లేదు', 'వద్దు' అన్నీ వాక్యం చివరే వస్తాయి, కాబట్టి ఇది మనం మరీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాల్సిన విషయం. అలాంటప్పుడు వాక్యాన్ని తిప్పేస్తాను, 'ఈ మందుతో ప్రమాదం: కారణాలు' అని. పొడవు తగ్గించడం కంటే మాటల వరస మార్చడమే చాలాసార్లు అసలు మందు.

పబ్లిష్ చేశాక సెర్చ్ కన్సోల్, అంటే సైట్లు నడిపేవాళ్లకి గూగుల్ ఇచ్చే టూల్, తెరిచి, ఆ పేజీ ఏయే మాటలకి కనిపిస్తోందో చూసి, అందులో ఎక్కువసార్లు కనిపించిన నాలుగైదు మాటల్ని నిజంగా గూగుల్‌లో టైప్ చేసి చూస్తాను, ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి. సైట్ అనే మాటకి కోలన్ పెట్టి అడ్రస్ టైప్ చేస్తే పేజీ కనిపిస్తుంది, టైటిల్ అప్‌డేట్ అయిందో లేదో తెలుసుకోవడానికి అది చాలు, కానీ స్నిప్పెట్‌ని దానితో అంచనా వేయకండి. అక్కడ మీరు అసలు ప్రశ్నేదీ వేయలేదు కాబట్టి వచ్చే స్నిప్పెట్ నిజమైన పాఠకుడు చూసేది కాదు.

మార్పు చేసిన వెంటనే రిజల్ట్‌లో కనిపించదు. గూగుల్ ఆ పేజీని మళ్లీ చదవాలి, దానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్నిసార్లు వారాలు. సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ పెట్టి మళ్లీ చదవమని అడగొచ్చు, అడిగినంత మాత్రాన వెంటనే చేయాలని లేదు. ఈలోపు రోజుకోసారి టైటిల్ మారుస్తూ పోతే ఏ టైటిల్‌కి ఏ ఫలితం వచ్చిందో ఎప్పటికీ తేలదు. నేనైతే పాత టైటిల్, కొత్త టైటిల్, మార్చిన తేదీ, రిజల్ట్‌లో మొదటిసారి కనిపించిన తేదీ ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటాను. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్కలుంటాయి కాబట్టి, కొత్తది కనిపించిన రోజు నుంచి ఓ నాలుగు వారాలు, దానికి ముందు నాలుగు వారాలు పక్కపక్కన పెట్టి, అవే మాటలకి, దాదాపు అదే స్థానంలో ఉన్నప్పుడు, కనిపించిన ప్రతి వందసార్లకి ఎంతమంది నొక్కారో చూస్తాను. స్థానం మారిపోయి ఉంటే ఆ పోలికని వదిలేసి ఇంకో నాలుగు వారాలు ఆగుతాను.